ఓడ ఒడ్డుకొచ్చేలోపు కారు చల్లబడాలి

విశాఖపట్నం నుంచి కాకినాడ తిరిగొచ్చి పది రోజులైంది. నేను కెమిస్ట్రీ చెప్పే జూనియర్ కాలేజీలో స్టాఫ్ రూమంతా ఒకటే ప్రశ్న. కైలాసగిరి ఎక్కావా, జలాంతర్గామి లోపలికి వెళ్లావా, అరకు చూశావా? ఏదీ చూడలేదు. నాలుగు రోజులూ నేను చూసింది ఒక ముల్లుని. స్టీరింగు వెనక, తొంభై దగ్గర బుద్ధిగా నిలబడాల్సిన ఉష్ణోగ్రత ముల్లు అది. ఈ మాట చెబితే అందరూ జాలిపడుతున్నారు. అందుకని వివరంగా రాస్తున్నాను.

మా ఆయన శ్రీధర్ సరుకు ఓడలో చీఫ్ ఇంజనీరు. ఓడెక్కి ఎనిమిది నెలలైంది, దిగడానికి ఇంకా మూడు నెలలుంది. మధ్యలో అనుకోకుండా ఆ ఓడకి విశాఖపట్నం బొగ్గు తెచ్చే పని పడింది. రేవులో కట్టాక ఆయనకి ఒక్క పగలు బయటికి రావడానికి అనుమతి ఇస్తారట. బొగ్గు దించేటప్పుడు కుటుంబాలని ఓడెక్కనివ్వరు. అంటే ఎనిమిది నెలలకి నాకు దక్కేది ఆ కొన్ని గంటలే.

"కారు తీసుకురా రమా. భీమిలి దాకా వెళ్దాం. నువ్వే నడుపుదువుగాని," అన్నారు ఫోనులో.

కారంటే మామూలు కారు కాదు. రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. విదేశీది, పన్నెండేళ్ల పాతది. భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన మోజుపడి కొనుక్కుని, పొట్ట స్టీరింగుకి తగులుతోందని వదిలించుకుంటే మా ఆయన పట్టుకొచ్చారు. రెండు సెలవులు పూర్తిగా దాని కిందే పడుకుని గడిపారు. మా అత్తగారు దాన్ని కారు అనరు, "నీ సవతి" అంటారు.

భీమిలి ప్రయాణం కోసం నేను ఒక మాట మూటగట్టుకుని బయల్దేరాను. ఈసారి దిగాక మళ్లీ ఓడెక్కొద్దని అడగాలి. ఫోనులో అడిగితే సిగ్నల్ సరిగా లేదంటారు. పక్క సీట్లో కూర్చోబెట్టి, కదిలే కారులో అడిగితే ఎక్కడికి పోతారు? దారి పొడవునా ఆ వాక్యాన్నే రకరకాలుగా చెప్పుకుంటూ వెళ్లాను.

అనకాపల్లి ముందు

తునిలో పెసరట్టు తిన్నాను. మా వైపు అల్లం పచ్చడి అంటే నాలిక్కి కాస్త తీపి తగలాలి. అక్కడ కారమే కారం. కళ్లు తుడుచుకుంటూ మళ్లీ కారెక్కాను.

ఎలమంచిలి దాటాక తియ్యటి వాసన మొదలైంది. పాకం అడుగంటితే వచ్చే వాసన. అనకాపల్లి దగ్గరపడుతోంది కదా, బెల్లం వాసన ఇంత దూరం వస్తోందా అని మురిసిపోయాను. కిటికీ దించి గట్టిగా పీల్చాను కూడా. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నదాన్ని, ఇంజను చల్లబరిచే కూలెంటు కాగితే తియ్యటి వాసన వస్తుందని నాకు తెలియక కాదు. ఊరి పేరు బుర్రని కమ్మేసింది. ముల్లు నూట ఐదు దాటాక గాని వెలగలేదు.

రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర ఆపాను. లారీ డ్రైవర్లు ఇద్దరు గ్లాసులు పట్టుకునే వచ్చేశారు. అడక్కుండానే ఒకతను ముందు మూత ఎత్తాడు. లోపల నా సూట్‌కేసు, మా ఆయన కోసం తెచ్చిన కాజాల డబ్బా ఉన్నాయి.

"ఓలమ్మో, ఇంజనేదీ? బావా, ఇటు రా! ఈవిడ ఇంజను నేకుండానే వొచ్చీసింది!"

ఇంజను వెనక ఉందని చెప్పేసరికి నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. కానీ మనిషి మంచివాడు. ఆత్రంగా నీళ్ల మూత తియ్యబోతే నా చెయ్యి పట్టి ఆపాడు. ముప్పావుగంట చల్లారనిచ్చి తనే తీశాడు. రెండు సీసాల నీళ్లు పట్టింది.

"ఎక్కడో కారిపోతందమ్మా. దీనికి మా లారీ మందు ఒకటుంది. పసుపు. రెండు పొట్లాలు ఏసీండి, కన్నం పూడుకుపోద్ది," అని కొట్టులోంచి పసుపు తెచ్చి తనే పోశాడు. వద్దనాలని నాకు తెలుసు. కానీ అంత నమ్మకంగా చేసేవాణ్ణి ఆపడం నాకు ఎప్పుడూ చేతకాదు. టీ డబ్బులు కూడా నన్ను ఇవ్వనివ్వలేదు.

బీచ్ రోడ్డు

ఊళ్లోకి వచ్చాక ట్రాఫిక్కులో ముల్లు మళ్లీ లేచింది. అప్పుడే ఫోను మోగింది. ఓడ తీరానికి దగ్గరగా లంగరు వేయగానే ఆయనకి సిగ్నల్ వచ్చిందట. నా ఏడుపు విని ముందు ఇంజను సంగతే అడిగారు.

"ఏసీ ఆపెయ్. హీటరు పూర్తిగా పెట్టు, కిటికీలు దించు. ఇంజను వేడి కొంత నీ మీదికి లాక్కో. నూట పది దాటితే మాత్రం ఎక్కడున్నా సరే ఆపెయ్. ఇంకోసారి బాగా కాగిందంటే సిలిండర్ హెడ్ వంగిపోతుంది. అప్పుడు భీమిలి సంగతి మర్చిపోవాలి."

విశాఖపట్నం ఉక్కపోతలో హీటరు వేసుకుని తిరిగిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. బస చేరేసరికి చీర ఒంటికి అంటుకుపోయింది.

స్నానం చేసి, సాయంత్రం వెలుగుండగానే బీచ్‌కి నడిచి వెళ్లాను. సముద్రం మీద ఓడలు వరసగా నిలబడి ఉన్నాయి. ఎడమ నుంచి నాలుగోది మాది. ఎర్రటి పొట్ట, వెనక తెల్లటి గదులు. నలభై రూపాయలకి మురీ మిక్స్‌చర్ పొట్లం కొనుక్కుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. మురీ అంటే మరమరాలు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి ఇస్తారు. మా కాకినాడ తీరంలోనూ ఓడలు కనబడతాయి. వాటిలో ఎప్పుడూ ఆయన లేరు కాబట్టి నేను ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

"ఎర్ర గొడుగు పక్కన కూర్చున్నాను, కనబడుతున్నానా?" అన్నాను ఫోనులో.

"బైనాక్యులర్లో గొడుగులు చాలా ఉన్నాయి. నువ్వు లేచి నిలబడు," అన్నారు. నిలబడ్డాను. చెయ్యి ఊపాను. కనబడ్డావన్నారు గాని, అబద్ధమేనని గొంతులో తెలిసిపోయింది. ఎనిమిది నెలలుగా ఎక్కడెక్కడి సముద్రాల్లోనో ఉన్నప్పుడు లేని బెంగ, కంటికి ఓడ కనబడుతుంటే వచ్చి మీద పడింది.

ఫిషింగ్ హార్బర్

మర్నాడు పొద్దున్నే పెద్ద కార్ల వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కంప్యూటరు తగిలించి చూశారు. నీళ్లు తగ్గుతున్న మాట నిజమేగాని ఎక్కడా చుక్క కనబడటం లేదు, ఇంజను దింపి చూడాలి, పది రోజులు వదిలేసి వెళ్లండి అన్నారు. ఓడ ఎల్లుండి రేవులోకి వస్తోంది.

టాక్సీలో వెళ్లొచ్చుగా అని నన్ను నేనే అడిగాను. కానీ టాక్సీ డ్రైవరు వింటుండగా మొగుణ్ణి ఉద్యోగం మానెయ్యమని ఎలా అడగను? పైగా ఆ కారు ఎలా ఉందోనని ఎనిమిది నెలలుగా ప్రతి ఫోనులోనూ అడిగారాయన. చెడగొట్టి తెచ్చానని ఎదురెళ్లడం నావల్ల కాదు.

"ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లు," అన్నారాయన ఫోనులో. "బోటు ఇంజను సముద్రం మీద కాగితే తోసుకొచ్చే దిక్కుండదు. నీళ్లు ఎక్కడ పోతున్నాయో వాళ్లు పట్టుకోగలరు."

అలా దొరికాడు నూకరాజు. యాభై దాటి ఉంటాడు, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. బోటు ఇంజన్లు బాగుచేయడమే పని. అతని షెడ్డు హార్బర్ దగ్గరే, వన్ టౌన్‌లోని ఒక ఎత్తు సందు మొదట్లో ఉంది. నేను చెప్పింది పూర్తిగా విన్నాడు. నీళ్ల డబ్బా మూత తీసి వేలు ముంచి చూసుకున్నాడు.

"ఇదేటమ్మా, పసుపు?"

చెప్పాను. తల పట్టుకున్నాడు. "కారడం ఒక రోగం. ఈ మందు ఇంకో రోగం. పసుపెల్లి రేడియేటర్ల సన్న గొట్టాల్లో కూకుండిపోద్ది. కన్నం ఎక్కడుందో ముందు తెలియాలి. రేపు పొద్దున్న బేగి రండి. ఇంజను సల్లగా ఉండాలి. ఏడి మీదయితే కారిన సుక్క కారినట్టే ఆవిరైపోద్ది, మరి మీ వర్క్‌షాపోల్లకేటి కనపడద్ది?"

వన్ టౌన్

ఆ కారులో రేడియేటర్లు ముందు, ఇంజను వెనక. రెండింటినీ కలుపుతూ గొట్టాలు కారు అడుగున ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెళ్తాయి. నూకరాజు కారుని దిమ్మల మీదికి ఎత్తి, అడుగున ఉన్న ప్లాస్టిక్ పలకలన్నీ విప్పాడు. నీళ్ల డబ్బా మూతికి రబ్బరు బిరడా బిగించి, దాంట్లో ట్యూబు వాల్వు పెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. పంపు మీద ఒత్తిడి చూపించే ముల్లు నెమ్మదిగా దిగుతోంది. అంటే ఎక్కడో కారుతోంది. టార్చి వేసి గంటసేపు వెతికాడు. పన్నెండేళ్ల మడ్డిలో ఏ తడి ఏదో తెలియలేదు.

పది గంటలకి అతని భార్య పైడమ్మ ఫలహారం తెచ్చింది. మొగుడి చేతులకి అంటిన పసుపు చూసి, "ఏటిది, కారుకి గాని పెల్లి సేత్తన్నావేటి?" అంది. సంగతి విని, బొడ్లోంచి తాంబూలంలోకి వాడే సున్నం కాయ తీసింది.

"పసుపు నీల్లే కదా లోపలున్నవి? గొట్టాలు తుడిసి, సున్నం నీల్లు పూసీండి. కారిన కాడ ఎర్రబడదా? దిష్టి నీల్లు ఎలగెర్రబడతాయి మరి?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందన్నది ప్రతి ఏడూ ఆమ్లాలు, క్షారాల పాఠంలో నేను చెప్పేదే. గాజు గొట్టంలో చేసి చూపిస్తాను కూడా. చెప్పిన నాకు తట్టలేదు, ఇంటి ముందు దిష్టి తీసే మనిషికి తట్టింది.

నూకరాజు కిందికి దూరి గొట్టాలన్నీ తుడిచాడు. పల్చటి సున్నం పూత పూశాడు. ఆరాక మళ్లీ గాలి కొట్టాడు. నేనూ పైడమ్మా చాప వేసుకుని, తలలు కారు కిందికి పెట్టి పడుకున్నాం. ఎంతసేపూ తెలుపే. పదిహేను నిమిషాలకి, సరిగ్గా డ్రైవరు సీటు వెనక, అల్యూమినియం గొట్టం రబ్బరు గొట్టంలోకి వెళ్లే చోట ఒక ఎర్ర చుక్క లేచింది. చూస్తుండగానే బొట్టంత అయింది.

"అల్లదుగో!" అని పైడమ్మ అరిచిన అరుపుకి సందులో ఆటోలు ఆగిపోయాయి.

గొట్టం చివర లోహాన్ని కూలెంటు తినేసి గుంటలు పడ్డాయి. రబ్బరు దాన్ని పట్టుకోవడం లేదు. నూకరాజు ఆ చివర నునుపుగా అరగదీసి, బోటులకి వాడే రబ్బరు గొట్టం కొత్తది తొడిగి, రెండు క్లిప్పులు బిగించాడు. తర్వాత పసుపు కడగడం మొదలైంది. నీళ్లు నింపడం, ఇంజను కాసేపు తిప్పడం, చల్లార్చి వదిలెయ్యడం. నాలుగుసార్లు పచ్చటి నీళ్లు సందు వెంట పారాయి. ఎవరింట్లో శుభకార్యమని అడిగారు ఇరుగుపొరుగు.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం చేశాను. కోనాం చేప పులుసు. మేం వంజరం అనే చేపనే వాళ్లు కోనాం అంటారు. మా పులుసులో బెల్లం ముక్క పడుతుంది. అది చెబితే పైడమ్మ ముక్కు మీద వేలేసుకుంది. నేనెందుకొచ్చానో, మా ఆయన్ని ఏం అడగబోతున్నానో ఆమెకి చెప్పేశాను. ఎవరితోనూ అనని మాట, కంచం ముందు కూర్చుని ఎలా అన్నానో తెలియదు.

"ఈడూ సంద్రం మీద ఏటకెల్లేవోడే," అంది మొగుడి వైపు చూపిస్తూ. "ఒడ్డు మీద కూకుని నానెన్నేల్లు ఏడిసానో. ఎల్లొద్దని ఒక్కనాడూ అడగనేదు. మోకాలు ఇరిగింది, ఒడ్డెక్కాడు. ఇప్పుడు రోజూ నా కల్లెదరే ఉంటాడు. పొద్దుగూకితే మాత్రం మాట్టాడడు. సముద్రమేపే సూత్తాడు. మీరు అడగండమ్మా, అడగొద్దనను. ఒచ్చింది సగం మనిసే అయినా సరే అనుకునే అడగండి."

నేను పులుసు కలుపుకుంటూ కూర్చున్నాను.

కొత్త కూలెంటు నింపాక కూడా ముల్లు ఒకసారి ఎగిరింది. నూకరాజు కంగారుపడలేదు. ముందువైపు రేడియేటరు గొట్టాలు రెండూ చేత్తో పట్టుకుని చూశాడు. "ఇదేమో ఏడి, ఇదేమో సల్లన. మద్దిలో గాలుండిపోయింది," అన్నాడు. కారుని సందు ఎత్తు మీద, ముక్కు పైకి ఉండేలా నిలబెట్టాడు. హీటరు వేసి, మూత తీసి, ఇంజను నడిపాడు. అరగంట బుడబుడమని బుడగలొచ్చాయి. ఆ తర్వాత నా రెండు చేతులూ తీసుకెళ్లి గొట్టాల మీద పెట్టాడు. రెండూ ఒకేలా వెచ్చగా ఉన్నాయి.

భీమిలి రోడ్డు

మర్నాడు పోర్టు గేటు దగ్గర తొమ్మిదికల్లా నిలబడ్డాను. ఆయన పన్నెండుకి వచ్చారు. ఓడలో జనరేటరు పంపు చెడిందట, రాత్రీ పగలూ కూర్చుని బాగుచేశారట. సాయంత్రం ఐదుకల్లా లోపల ఉండాలి. మనిషి చిక్కిపోయారు. తల స్నానం చేసినా చెవుల వెనక డీజిలు వాసన పోలేదు. మొదట నన్నే చూశారు, తర్వాతే కారుని. ఇది మా అత్తగారికి ప్రత్యేకంగా చెప్పాను.

బీచ్ రోడ్డెక్కాం. పసుపు, సున్నం కథ చెబితే పడీపడీ నవ్వారు. సీటు వెనక్కి వాల్చుకుని, కైలాసగిరి కొండ దాటేవరకు నా చేతి మీద చెయ్యి వేసే ఉంచారు. రుషికొండ వచ్చేలోపే చెయ్యి జారిపోయింది. చూస్తే నిద్రపోతున్నారు.

కుడివైపు సముద్రం, ఎడమవైపు ఆయన, ఎదురుగా ముల్లు. తొంభై రెండు. లేపుదామని మూడుసార్లు అనుకున్నాను. నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లాడిలా పడుకున్నారు. ఈ కొన్ని గంటల కోసం నేను కాకినాడ నుంచి ఎంత చచ్చీచెడీ వచ్చానో తలుచుకుంటే కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే మరీ నెమ్మదిగా నడిపాను, గుంటలు తగలకుండా.

భీమిలిలో లైట్‌హౌస్ దగ్గర నీడ చూసి ఆపాను. ఇంజను ఆపలేదు. ఓడలో ఇంజను చప్పుడు ఆగితే ఎంత నిద్రలో ఉన్నా లేచి పరిగెత్తే మనిషని నాకు తెలుసు. కానీ నిలబడిన కారే తొందరగా కాగుతుంది. ముల్లు తొంభై ఐదు, తొంభై ఎనిమిది, నూరు. నా చెయ్యి తాళం మీదికి వెళ్లింది. నూట ఒకటి దగ్గర ముందు ఫ్యాను తిరిగిన చప్పుడైంది. నెమ్మదిగా తొంభై మూడుకి దిగింది. అలా నలభై నిమిషాలు, ఎక్కడం, దిగడం. కిటికీలోంచి ఒకామె తాటిముంజలు ఇచ్చింది. ఆయన్ని చూసి గొంతు తగ్గించి, "సంద్రం మనిసా?" అని అడిగింది. తలూపాను.

"ఇంక వెళ్లకండి," అన్నాను. ఫ్యాను చప్పుడులో నాకే సరిగా వినబడలేదు. ఆయన కనురెప్ప కూడా కదల్లేదు. మళ్లీ అనలేదు.

పోర్టు గేటు

నాలుగున్నరకి గేటు ముందు ఇంజను ఆపాను. ఆపిన క్షణంలోనే ఉలిక్కిపడి లేచారు. గేటు చూశారు, గడియారం చూశారు, నన్ను చూశారు. ఏం జరిగిందో అర్థమై ముఖం పాలిపోయింది.

"లేపొచ్చుగా రమా!"

"లేపితే ఏం చేసేవారు?" అన్నాను.

ఆయన కారు దిగి వెనక్కి వెళ్లి, ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. తర్వాత నా కిటికీ దగ్గరికి వంగారు.

"ఎనిమిది నెలలుగా నేను ఒక చెవితోనే నిద్రపోతున్నాను. రెండో చెవి ఇంజను దగ్గరే ఉంటుంది. చప్పుడు ఒక్క పిసరు మారినా లేస్తాను. ఇవాళ నా వీపు వెనకే ఇంజను నడుస్తోంది, నాకేం పట్టలేదు. ముల్లు నువ్వు చూసుకుంటావులే అనుకున్నాను. అంతే, తర్వాత ఏమైందో తెలియదు."

కాజాల డబ్బా ఇచ్చాను. తీసుకుని లోపలికి నడిచారు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యెత్తారు. బొగ్గు లారీలు అడ్డం వచ్చాయి, అవి వెళ్లాక ఆయన లేరు.

మర్నాడు కాకినాడ వచ్చేశాను. దారిలో ముల్లు తొంభై దాటలేదు. పక్క సీటు ఆయన వాల్చుకున్నట్టే ఉంది. నిన్న మా అత్తగారు కారు తుడిపిస్తూ దాన్ని పైకి లేపించబోతే, వద్దండీ, అలాగే ఉండనివ్వండి అన్నాను.